మొగిలి ఘాట్‌లో మూడో గేరు: ఏడాదిన్నరగా నా ఐ20 ఎన్ లైన్

మాది చిత్తూరు, ఉద్యోగం బెంగళూరులో, ఉండేది మారతహళ్లి. నెలకి రెండుసార్లు ఊరికి పోయొస్తుంటా. ఏడాదిన్నర కిందట హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ (ఐ20 కారులోనే స్పోర్టీ రకం) తీసుకున్నా, ఆరు గేర్ల మాన్యువల్. 2021లో బండి మొదట వచ్చినప్పుడే మనసు పడింది గానీ అప్పుడున్నవి ఐఎంటీ, డీసీటీ (ఆటోమేటిక్) రెండే, ఐఎంటీలో గేర్ రాడ్ ఉంటది, క్లచ్ పెడల్ ఉండదు, నాకేమో ఎడమ కాలికి పని లేకపోతే బండి నడిపినట్టే ఉండదు, అందుకే ఆగినా. 2023 సెప్టెంబర్‌లో ఐఎంటీ తీసేసి మాన్యువల్ ఇచ్చారు, ఇంక ఆలోచించలేదు.

ఇంజన్ 1.0 లీటర్ టర్బో, మూడు సిలిండర్లు, 120 పీఎస్, 172 ఎన్ఎం టార్క్. మామూలు ఐ20 మాన్యువల్‌లో వచ్చేది 1.2 లీటర్, 83 పీఎస్. విదేశీ వీడియోల్లో కనిపించే ఐ20 ఎన్ ఇదేనా అని చాలామంది అడుగుతారు, అది వేరే బండి, 1.6 టర్బో, 204 పీఎస్, మన దేశంలో అమ్మలేదు.

ఈ బండి అసలు ఏందో నాకు తెలిసింది మొగిలి ఘాట్‌లో. కోలార్, ముళబాగిలు దాకా నేరు రోడ్డు, అక్కడ ఏ కారైనా ఒకటే. పలమనేరు దాటి ఘాట్ దిగేటప్పుడు మూడో గేర్‌లో పెట్టి వదిలితే ఇంజనే బండిని పట్టుకుంటది, బ్రేక్ మీద కాలు పెద్దగా పెట్టే పని లేదు, పెట్టినా నాలుగు చక్రాలకీ డిస్కులే కాబట్టి ధైర్యంగా ఉంటది. తిరిగొచ్చేటప్పుడు ఎక్కుడు ఇంకా బాగుంటది, లారీ వెనక 40లో పోతా పోతా దారి ఖాళీ కనిపించగానే అదే మూడో గేర్‌లో తొక్కితే చాలు, 1,800 ఆర్‌పీఎం దాటినాక లాగే లాగుడికి ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తది, గేర్ దించాల్సిన అవసరమే రాదు. మలుపులో స్టీరింగ్ బరువుగా చేతికి ఆనతది, బాడీ పక్కకి వాలదు. 120, 130 స్పీడ్లకంటే ఘాట్‌లో 60లో తిప్పుకుంటా పోవడమే నాకు ఎక్కువ ఇష్టం, పైగా ఆ రోడ్డు మీద లారీలెక్కువ, అంతకంటే తొందర అక్కర్లేదు కూడా.

సిటీలో క్లచ్ తేలిక, సిల్క్ బోర్డ్ దగ్గర అరగంట ఇరుక్కున్నా కాలు నొప్పి పుట్టదు. సస్పెన్షన్ మాత్రం గట్టిది, మామూలు ఐ20 కంటే గట్టిగా ఉండాలనే అట్లా చేసినారు, చిన్న గుంత కూడా తెలుస్తది. ఒకసారి ఔటర్ రింగ్ రోడ్ పక్కన ఒక పంక్చర్ షాపులో అడగకుండా టైర్లలో గాలి ఎక్కువగా, 40 దాకా కొట్టేశాడు, నేనూ చూసుకోలేదు, ఊరు చేరేసరికి వెనక కూర్చున్న నాయనకి నడుం పట్టేసింది, చాలా బాధేసింది. అప్పటినుంచి డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంతే పెట్టిస్తా, పక్కన నిలబడి మీటర్ చూస్తా. దాంతో ఎంత తేడా వచ్చిందంటే నాయన ఇప్పుడు ముందు సీట్లో కూర్చొని, కోలార్ వచ్చేలోపల నిద్రపోతాడు.

మైలేజ్ నాకు సిటీలో 11, హైవేలో 17 వస్తోంది, ట్యాంక్ 37 లీటర్లే కాబట్టి ఊరికి పోయే ముందు ఫుల్ చేయిస్తా. తీసుకోవాలనుకునేవాళ్లు టెస్ట్ డ్రైవ్‌కి ఇంట్లో పెద్దవాళ్లని వెనక సీట్లో కూర్చోబెట్టుకొని పోండి, ఫ్లైఓవర్ మీద కాదు, మీ వీధిలో, మీ హంపుల మీద నడిపి చూడండి.