లాన్ స్ప్రింక్లర్ల ప్రెజర్: స్క్రూ తిప్పాలా, వాల్వ్ బిగించాలా, హెడ్ మార్చాలా? ఏది మేలు?

పోయిన జూన్‌లో మామయ్యగారు అనంతపురం నుంచి టెక్సస్‌లోని మా ప్లేనో ఇంటికి వచ్చారు. తెల్లవారుజామున ఐదింటికి స్ప్రింక్లర్లు ఆన్ కాగానే కాఫీ కప్పుతో గరాజ్ ముందు నిలబడి కాసేపు చూశారు. "ఏమప్పా అల్లుడూ, గడ్డికి నీళ్లు కడతాండావా, నన్ను ఊరికి పంపించనీకి పొగబెడతాండావా?" అన్నారు. శనక్కాయ చేనుకు ముప్ఫై ఏళ్లుగా స్ప్రింక్లర్లు పెట్టిన మనిషి ఆయన. "మాకు రెండున్నర కిలోల ప్రెజర్ చాలు. అంతకన్నా పెంచితే చినుకు పడదు, గాలికి పోతాది" అని తేల్చేశారు.

చదరపు సెంటీమీటరుకు రెండున్నర కిలోలంటే ఇక్కడి లెక్కలో సుమారు 35 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి 35 పౌండ్లు. లాన్‌లో మామూలు స్ప్రే నాజిల్‌కు (హెడ్ పైన నీళ్లు చిమ్మే మూతి) కావాల్సింది 30. నా ముందు జోన్‌లో, అంటే ఇంటి ముందు ఒకే వాల్వ్ మీద నడిచే హెడ్‌ల గుంపులో, అంతకు రెట్టింపు ఉందని తర్వాత తేలింది. ప్రెజర్ రెట్టింపైతే నీళ్లు రెట్టింపు కావు, వర్గమూలం లెక్కన 1.4 రెట్లు అవుతాయి. పదిహేను అడుగుల అర్ధవృత్తం నాజిల్ 30 పీఎస్ఐ దగ్గర నిమిషానికి 1.85 గ్యాలన్లు వదులుతుంది. అలాంటివి ఎనిమిది ఉన్న జోన్‌లో నిమిషానికి ఆరు గ్యాలన్లు అదనంగా పోతాయన్నమాట. పోనీ అవైనా గడ్డికి చేరతాయా అంటే లేదు, పొగలా మారి పక్కింటి కారు మీద పడతాయి.

ముందుగా కొలవాలి, ఇక్కడే నేను బోల్తా పడ్డాను. పది పదిహేను డాలర్ల గేజ్ కొని బయటి కుళాయికి బిగిస్తే 60 చూపించింది. ఫర్వాలేదనుకున్నాను. కానీ చాలా ఇళ్లలో కుళాయి ఇంటి రెగ్యులేటర్ (ప్రెజర్ తగ్గించే పరికరం) తర్వాత ఉంటుంది, స్ప్రింక్లర్ లైన్ దానికి ముందే చీలిపోతుంది. లాన్ నీళ్లు వెనక్కి తాగునీటి పైపులోకి రాకుండా ఆపే బ్యాక్‌ఫ్లో పరికరం మీద ఉండే చిన్న టెస్ట్ కాక్‌కు అడాప్టర్‌తో గేజ్ పెట్టి చూస్తే 85! ఇంట్లో షవర్ బాగుందని లాన్ లైన్ కూడా బాగుందనుకోకూడదు.

ఇక దారులు. అందరూ మొదట చేసే పని నాజిల్ నెత్తిన ఉన్న స్క్రూ తిప్పడం. కుడివైపు తిప్పితే నీళ్లు పడే దూరం తగ్గుతుంది, కంపెనీలు చెప్పే హద్దు పాతిక శాతం. సైడ్‌వాక్ మీద పడే నీళ్లను వెనక్కి లాగడానికి అది మంచిదే. పొగకు మాత్రం అది మందు కాదు. ఆ స్క్రూ నాజిల్‌లోకి నీళ్లు వచ్చే దారిని ఇరుకు చేస్తుందంతే, లైన్‌లో ప్రెజర్ అలాగే ఉంటుంది. నేను ఒక సీజనంతా స్క్రూలే తిప్పాను, చివరికి హెడ్‌ల మధ్య గోధుమరంగు మచ్చలు మిగిలాయి.

రెండోది, వాల్వ్ బాక్స్ మూత తీసి వాల్వ్ మీది ఫ్లో కంట్రోల్ పిడిని కొంచెం కొంచెంగా బిగించడం. పొగ ఆగేదాకా తిప్పి వదిలేయాలి. పైసా ఖర్చు లేదు, పది నిమిషాల పని. అన్ని వాల్వ్‌లకూ ఆ పిడి ఉండదు, అది వేరే సంగతి. అసలు చిక్కేమిటంటే అది రెగ్యులేటర్ కాదు, దారి ఇరుకు చేస్తుందంతే. శనివారం మధ్యాహ్నం సరిచేసింది తెల్లవారుజామున వీధి అంతా నీళ్లు పెట్టుకునేటప్పుడు నిలవదు. తాత్కాలికంగా అయితే సరే.

మూడోది మెయిన్ లైన్ మీద ఇత్తడి రెగ్యులేటర్. 80 దాటితే ఇది తప్పదనే నా అభిప్రాయం, ఎందుకంటే అంత ప్రెజర్‌కు ముందు దెబ్బతినేవి వాల్వ్‌లు, పైపు అతుకులు. అయితే నాకు వెనకవైపు రోటర్లు (తిరుగుతూ దూరం దాకా ధార కొట్టే హెడ్‌లు) ఉన్నాయి. వాటికి 45 కావాలి. దారిలో పోయే నష్టం కూడా కలిపి మెయిన్‌ను 55కో 60కో పెడితేనే అవి సరిగా తిరుగుతాయి. అలా పెడితే ముందువైపు స్ప్రేలకు ఇంకా ఎక్కువే. ఒకే మీట రెండింటికీ కుదరదు.

అందుకే నా ఓటు నాలుగోదానికి, ప్రెజర్ రెగ్యులేటర్ లోపలే ఉండే హెడ్‌లకు. స్ప్రేకు 30వి, తిరుగుతూ సన్నధారలు పోసే రోటరీ నాజిల్స్‌కు 40వి. హంటర్‌లో గోధుమరంగు మూత 30, బూడిదరంగు మూత 40. ప్రతి హెడ్ తన ప్రెజర్ తనే చూసుకుంటుంది కాబట్టి వాల్వ్‌కు దగ్గరా దూరమా, పల్లమా మెరకా అన్న గొడవ లేదు. ధర మామూలు హెడ్‌కు రెండు మూడింతలు ఉంటుంది. కానీ అదే కంపెనీ, అదే మోడల్ అయితే మామూలుగా తవ్వే పనే ఉండదు. మూత విప్పి, పాత లోపలి భాగం లాగి కొత్తది దించడమే. ఎనిమిది హెడ్‌లకు నాకు గంటన్నర పట్టింది, అందులో అరగంట బురద కడుక్కోవడానికే.

ఇది ప్రెజర్ తగ్గిస్తుందే గానీ పెంచదు. దూరపు హెడ్ పూర్తిగా పైకి లేవకుండా నీరసంగా ఊగుతుంటే కొత్త హెడ్ కొనకండి. లీకో, నాజిల్ కింది జల్లెడలో ఇసుకో, జోన్‌లో హెడ్‌లు ఎక్కువై పోవడమో చూడండి.

స్ప్రేలు తీసి రోటరీ నాజిల్స్ వేయాలా అన్నది వేరే ప్రశ్న. స్ప్రే గంటకు అంగుళంన్నర పైనే పోస్తుంది, రోటరీ 0.4 దరిదాపుల్లో. మా డాలస్ చుట్టుపక్కల నల్లరేగడికి రోటరీ బాగా నప్పుతుంది, నీళ్లు రోడ్డెక్కకుండా ఇంకుతాయి. కానీ టైమర్‌లో సమయం మూడు నాలుగింతలు పెంచాలి. ఒకే జోన్‌లో రెండూ కలిపారో, ఒక పక్క చిత్తడి, ఇంకో పక్క ఎండుగడ్డి.

మార్చాక వీడియో తీసి మామయ్యగారికి పంపాను. పొగ లేదు, చినుకులు చినుకులుగా పడుతోంది. ఆయన రెండుసార్లు చూసి ఫోన్ చేశారు: "బాగుండాది గానీ, మెయిల్‌బాక్స్ కాడిది వంకరగా నిలబెట్టినావే!"