గోరుచిక్కుడు చేలో ముందు దేని పని పట్టాలి: ఎడారి ఎలుకా, ఆకుమచ్చ తెగులా?

పశ్చిమ రాజస్థాన్ ఇసుక నేలల్లో గోరుచిక్కుడు వేసేవాళ్లకు ఏటా ఇదే సందేహం. ఉన్న కాస్త డబ్బూ మనుషులూ ఎడారి ఎలుక మీదికా, బాక్టీరియా ఆకుమచ్చ మీదికా?

ఎలుక పట్టపగలే తిరుగుతుంది. వేసిన గింజను తవ్వుకు తింటుంది, మొలకల్ని కొరికేస్తుంది. అందుకే అందరి కోపమూ దానిమీదే. అయినా దాన్ని పంట వేశాకైనా కొంత అదుపు చేయొచ్చు. ఆకుమచ్చ తెచ్చే జాంథోమోనాస్ బాక్టీరియా అలా కాదు, విత్తనంతోనే చేలోకి వస్తుంది. ఆకు మీద నీటిలో నానినట్టుండే మచ్చలు కనిపించాక గట్టి గాలివాన ఒకటి పడితే చేనంతా పాకుతుంది. కాండం మీద నల్లచారలు పడి చీలిందంటే ఆ మొక్క మీద ఆశ వదులుకోవాల్సిందే. కాబట్టి ముందు విత్తనశుద్ధి, తర్వాతే ఎలుక.

పలుచటి గుడ్డ సంచిలో విత్తనం సగానికే నింపి, 56 డిగ్రీల నీటిలో 10 నిమిషాలు ముంచాలి. థర్మామీటరు లేకుండా ఈ పని పెట్టుకోవద్దు. వేడి పెరిగితే మొలక చస్తుంది, తగ్గితే బాక్టీరియా బతుకుతుంది. ఎక్కువ విత్తనం ఒకేసారి వేస్తే నీళ్లు చల్లారిపోతాయి, అందుకే కొద్దికొద్దిగా, పెద్ద పాత్రలో చేయాలి. తీసిన వెంటనే చన్నీళ్లలో ముంచి నీడన ఆరబెట్టాలి. విత్తే ముందు 100 గింజలు మొలకెత్తించి చూసుకోవాలి. మచ్చలు వచ్చాక కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు కొడితే వ్యాప్తి కాస్త తగ్గుతుంది, అంతే.

ఎలుకకైతే వానలకు ముందు, మేత కరువైన మే, జూన్‌లలో ఎర పెట్టాలి. సాయంత్రం బొరియలన్నీ మూసి, మర్నాటికి తెరుచుకున్నవాటిలోనే పెట్టాలి. మొదట రెండు మూడు రోజులు నూనె పట్టించిన ఉత్త సజ్జలు అలవాటు చేయాలి. ఆ తర్వాత సజ్జలు 960 గ్రాములు, నూనె 20, జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలుకల విషం 20 కలిపి బొరియకు పది గ్రాములు లోపలికి వేయాలి. చేత్తో కాకుండా కర్రతోనే కలపాలి. తడి తగిలితే విషవాయువు వస్తుంది. తిని బతికిన ఎలుక మళ్లీ ఆ ఎర ముట్టదు, రెండో విడతకు బ్రోమాడియోలోన్ అనే మరో ఎలుకల మందు వాడాలి. పక్క చేలవాళ్లు కలిసిరాకపోతే ఖాళీ బొరియల్లోకి కొత్తవి దిగుతాయి. గుడ్లగూబల కోసం కొమ్మలు పాతడం పగటి ఎలుకకు పెద్దగా పనికిరాదు.

మన దగ్గర కూరకు వేసే గోరుచిక్కుడుకూ ఈ తెగులు వస్తుంది. ఈ ఎలుక మాత్రం ఇటు లేదు గనక, ఇక్కడివాళ్లు వేడినీళ్ల పని చూసుకుంటే చాలు.