హనుమకొండల త్రీడీ ఎకో: మిషిన్ మస్తు, కౌంటరే ఆగం
మా అమ్మకు చిన్నప్పటి కీళ్ల జ్వరంతోని గుండెల ఎడమ దిక్కు రెండు గదుల నడుమ ఉండే మైట్రల్ వాల్వ్ సన్నబడ్డది, మామూలు ఎకోల (గుండె స్కానింగ్‌ల) దాని రంధ్రం సైజు సరిగ తేలకపోతే నక్కలగుట్ట దిక్కు ఒక గుండె దవాఖాన్ల త్రీడీ టీఈఈ (గొంతుల నుంచి పైపు పంపి తీసే ఎకో) చేయించినం. 6 గంటలు ఏం తినొద్దన్నరు, గొంతుకు మొద్దుబారే స్ప్రే కొట్టి పైపు పంపుతరు, ఇబ్బందే గని తొందరగనే అయితది. డాక్టర్ సాబ్ స్క్రీన్ తిప్పి మంచిగ చూపెట్టిండు, టూడీల, అంటే చదును బొమ్మల, అడ్డంగ కాకుండ ఏటవాలుగ కొలిస్తే రంధ్రం ఉన్నదానికంటే పెద్దగ కనబడ్తదట, త్రీడీల అయితే వాల్వ్ రెక్కల కొసకాడ సరిగ్గ కొలవచ్చట. ఆ రంధ్రం మామూలుగ 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండాలె, 1.5 దాక పడితే సీరియసే. అమ్మది 1.2. రిపోర్ట్ గూడ క్లియర్‌గ ఉన్నది. కౌంటర్ల మాత్రం ఒక్కొక్కరు ఒక్కో రేటు చెప్పిన్రు, ముందే కాగితం మీద రాయించుకోండ్రి.