పికప్‌కు ఏం తగిలిస్తే డీజిల్ ఎంత: నా బొలేరో అనుభవం

నా బండి 2018 బొలేరో పికప్, బీఎస్4 (బీఎస్6కు ముందటి పొగ ప్రమాణం) ఇంజన్, 2523 సీసీ. ఉండేది అనంతపురం. ఎక్కువగా బెంగళూరుకు చీనీకాయలు, సీజన్‌లో కక్కలపల్లి మార్కెట్ నుంచి టమాటా, అప్పుడప్పుడు కర్నూలుకో, తాడిపత్రి మీదుగా కడపకో ఏదో ఒక లోడు. కొన్నప్పటి నుంచి ఈ బండికి చాలా తగిలించాను, చాలా విప్పేశాను. కొన్ని మోజుపడి చేయించినవి, కొన్ని లోడు కోసం తప్పనిసరై చేయించినవి. నా మాట ముందే చెప్పేస్తా. మైలేజీ పెంచుతామని అమ్మే వస్తువుల్లో నిజంగా మైలేజీ పెంచింది ఒక్కటీ లేదు. ఇంకెందుకో చేయించిన పనులే దాన్ని పెంచాయి, అవే దించాయి.

అసలు మైలేజీ ఎలా చూడాలన్న దగ్గరే చాలామందికి లెక్క తప్పుతుంది. నేను ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, ఆటోకట్ పడేదాకా, అంటే పంపు దానంతట అదే ఆగేదాకా కొట్టించి ఆపేస్తాను. ఆ తర్వాత నురగ దిగాక ఇంకాస్త పోయమంటే లెక్క చెడుతుంది. ఒకవైపు ప్రయాణం చూసి మైలేజీ చెప్పేవాళ్ల మాట నేను నమ్మను. అనంతపురం సముద్రమట్టానికి 350 మీటర్ల ఎత్తులో ఉంటే బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది. లోడుతో కలిపి మూడు టన్నుల బండిని అంత ఎత్తుకు ఎక్కించడానికే లీటరుకు పైగా డీజిల్ అదనంగా కాలుతుంది. తిరుగు ప్రయాణంలో ఖాళీ బండి దిగువకు వస్తుంది కాబట్టి మీటరు చూస్తే సంబరంగా ఉంటుంది. అందుకే పోనూ రానూ కలిపి చూడాలి.

ఇంకొకటి గాలి. ఆషాఢంలో రామగిరి కొండల మీద గాలిమరలు తిరిగే తీరు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో పడమటి గాలి బండిని పక్కకు తోస్తూనే ఉంటుంది. మాఘంలో చూసిన మైలేజీని ఆషాఢంలో చూసినదానితో పోల్చి, మధ్యలో మార్చిన సామాను మీద తప్పు వేస్తే అది న్యాయం కాదు. నేను ఏది మార్చినా అదే రోడ్డు, దాదాపు అదే లోడు, అదే కాలం చూసుకునే పోలుస్తాను.

ఇక బాడీ సంగతి. బండి కొత్తలో కంపెనీ ఇచ్చిన మామూలు డెక్‌తో లోడు మీద లీటరుకు పన్నెండు దాకా, ఖాళీగా పద్నాలుగు పైన వచ్చేది. టమాటా క్రేట్లు పేర్చాలంటే ఆ ఎత్తు చాలదు. ఇనుప యాంగిళ్లతో ఎత్తైన జాలీ బాడీ కట్టించాను. ఆ ఇనుము బరువే రెండు క్వింటాళ్లకు దగ్గర. అయినా బరువు కాదు అసలు సమస్య. క్యాబిన్ మీద మూడడుగులు లేచిన ఆ గోడ గాలికి ఎదురొడ్డి నిలబడుతుంది. లోడు మీద మైలేజీ పదిన్నరకు పడింది. నాకు ఆశ్చర్యం వేసింది ఖాళీ బండి లెక్క చూసినప్పుడు. లోడు లేకపోయినా పన్నెండు దాటడం లేదు. అంటే ఇంజన్ మోస్తున్నది టమాటాను కాదు, గాలిని.

స్పీడు రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. 60 మీద పోయే బండి 80 అందుకుంటే ఆ అడ్డు ముప్పావు వంతుకు పైగా పెరుగుతుంది. 44వ నంబరు హైవే ఎక్కాక పెద్ద జాలీ బాడీ ఉన్న పికప్‌లన్నీ డీజిల్ తాగడానికి కారణం ఇదే. ఊళ్ల మధ్య నలభై యాభై మీద తిరిగే బండికి అదే బాడీ పెద్ద నష్టం చేయదు. కాబట్టి బండి ఎక్కడ తిరుగుతుందో చూసుకుని బాడీ కట్టించుకోవాలి.

దీనికి నేను చేసిన పని రెండు ముక్కలు. ఒకటి, పైఫ్రేమును వెల్డింగ్ తీయించి బోల్టులకు మార్పించాను. టమాటా సీజన్ అయిపోగానే విప్పి ఇంటి దగ్గర పెట్టేస్తాను. రెండోది అనుకోకుండా జరిగింది. టార్పాలిన్ పట్ట ముందుభాగం గాలికి నెలలు తిరక్కుండానే చిరిగిపోతుంటే, క్యాబిన్ మీద ఫైబర్ డిఫ్లెక్టర్ బిగించమన్నారు. వాలుగా ఉండి గాలిని పైకి తోసే తొడుగు అది, పెద్ద లారీల మీద చూస్తుంటాం. పట్ట చిరగడం తగ్గిందా అంటే తగ్గింది. దాంతోపాటు హైవే మీద అరకిలోమీటరుకు పైనే మైలేజీ వెనక్కి వచ్చింది. ఇన్నేళ్లలో నేను పెట్టిన ఖర్చుల్లో పైసలు తిరిగొచ్చింది దీనికే. ఒక షరతు ఉంది. డిఫ్లెక్టర్ ఎత్తు వెనక బాడీ ఎత్తుకు సరిపోవాలి. పైఫ్రేము విప్పేశాక కూడా దాన్ని అలాగే ఉంచితే అదే గాలికి అడ్డమవుతుంది. నేను రెండూ కలిపే విప్పుతాను. పట్ట కూడా బిగువుగా కట్టాలి, వదులుగా ఉండి పటపట కొట్టుకుంటే దానికీ డీజిల్ ఖర్చే. వెనక డోరు దించి పోతే గాలి తగలదని కొందరు అంటారు. మామూలు డెక్‌లో డోరు మూసి ఉంటేనే గాలి పైనుంచి జారిపోతుంది, దించితే ఈడుపు పెరుగుతుంది.

టైర్ల దగ్గరే మీటరు అబద్ధం చెప్పేది. కాస్త పెద్ద సైజు టైర్లు వేయించుకున్నవాళ్లు వెంటనే మైలేజీ పోయిందని గోల పెడతారు. టైరు చుట్టుకొలత ఐదు శాతం పెరిగితే బండి 105 కిలోమీటర్లు పోయినా మీటరు వంద అనే చూపిస్తుంది. తొమ్మిది లీటర్లు కాలితే మీటరు ప్రకారం పదకొండు, నిజానికి పదకొండున్నర పైన. హైవే కిలోమీటరు రాళ్లను లెక్కపెట్టుకుంటూ ఒక యాభై కిలోమీటర్లు పోతే తేడా బయటపడుతుంది. ఇది చేయకుండా టైర్ల మీద తీర్పు చెప్పకూడదు. అలాగని పెద్ద టైర్లు మంచివని కాదు. బరువు పెరుగుతుంది, గేరింగ్ పొడవవుతుంది, పెనుకొండ దగ్గర ఎత్తులో నాలుగో గేరుతో పోయే చోట మూడుకు దించాల్సి వస్తుంది. వెడల్పు టైర్లయితే అసలే వద్దు, అవి చూడ్డానికి మాత్రమే.

నేను మాటిమాటికి పంచర్లు పడుతున్నాయని నైలాన్ టైర్లు తీసేసి అదే సైజులో రేడియల్ వేయించాను. ఖర్చు ఎక్కువే. రోడ్డు మీద దొర్లుడు తేలికైంది, న్యూట్రల్‌లో నెట్టి చూస్తేనే తెలుస్తుంది. మైలేజీ కొంచెం పెరిగింది, ఎండాకాలం టైరు వేడెక్కడం తగ్గింది. రీసోల్ టైర్లు, అంటే పాతవాటికి కొత్త రబ్బరు అతికించినవి, వెనక వేయిస్తే ఆ లాభం పోతుంది. గాలి మాత్రం టైర్లు చల్లగా ఉన్నప్పుడు, బండి పొద్దున బయల్దేరక ముందే చూపించుకోవాలి. ఇది పైసా ఖర్చు లేని పని, చేసేవాళ్లు తక్కువ.

లోడు బరువు మోసే స్ప్రింగు కమాన్‌లో అదనపు పట్టీ వేయించడం మనవైపు మామూలే. ఆ పట్టీ బరువు వల్ల మైలేజీ పోదు, ఆ పట్టీ ఇచ్చిన ధైర్యంతో ఎక్కించే లోడు వల్ల పోతుంది. ఓవర్‌లోడు కేసు రాస్తే ఇరవై వేలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు రెండు వేలు. ఒక్కసారి పడితే నెలల తరబడి మిగిల్చిన డీజిల్ డబ్బు పోయినట్టే. ఖాళీగా వచ్చేటప్పుడు నడుం సంగతి వేరే చెప్పాలా!

ఇంజన్ జోలికి పోదాం. చిప్ పెడితే పవరూ పెరుగుతుంది, మైలేజీ కూడా పెరుగుతుందని చెప్పి ఒక చిన్న డబ్బా అమ్మజూపారు. కొన్నాళ్లు పెట్టి చూడమన్నారు, చూశాను. లాగుడు పెరిగిన మాట నిజం, ఎత్తులో గేరు మార్చకుండానే ఎక్కేసింది. ఇలాంటి డబ్బాలు చాలావరకు చేసేది ఏమిటంటే, డీజిల్ ఒత్తిడిని కొలిచే రైల్ ప్రెషర్ సెన్సార్ నుంచి వచ్చే సమాచారాన్ని తగ్గించి ఇంజన్ కంప్యూటర్‌కు చెబుతాయి. కంప్యూటర్ ప్రెషర్ పెంచుతుంది, ఎక్కువ డీజిల్ పడుతుంది. తను లెక్కగట్టింది మాత్రం పాత కొలతే. అందుకే డ్యాష్‌బోర్డులో మైలేజీ చూపే బండ్లకు ఇది పెడితే తెర మీద మైలేజీ పెరిగినట్టు కనిపిస్తుంది, బంకులో పెరగదు. నా లెక్కలో మైలేజీ ఉన్నచోటే ఉంది, కాలు కాస్త బరువుగా పడిన రోజు తగ్గింది, వెనక నల్ల పొగ. క్లచ్ ప్లేటుకూ టర్బోకూ అదనపు భారం. విప్పి ఇచ్చేశాను.

ఈజీఆర్ మూసేయమని మెకానిక్ చెప్పని రోజు లేదు. “ప్లేటు వేస్తే ఏం కాదన్నా, బండి ఫ్రీ అయిపోతుంది” అంటాడు. ఈజీఆర్ పని పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్‌లోకి పంపి మంట వేడి తగ్గించడం, దాని వల్ల నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి. మూస్తే మసి తగ్గుతుంది నిజమే, కానీ చెక్ లైట్ వెలుగుతుంది, పొల్యూషన్ నియమాలకు విరుద్ధం. నేను వాల్వు విప్పించి మసి గోకించి శుభ్రం చేయించాను. బండి ఫ్రీ అయింది, అంతకు ముందు పోయిన మైలేజీ వచ్చింది. బీఎస్6 బండ్లున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాటిలో సైలెన్సర్ వైపు డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉంటే, మసి నిండినప్పుడు దాన్ని కాల్చడానికి బండి తనంతట తానే కొంత డీజిల్ ఖర్చు పెడుతుంది. బజారులో చిన్నచిన్న ట్రిప్పులే తిరిగే బండికి ఇది ఎక్కువసార్లు జరుగుతుంది. దానికి మందు డీపీఎఫ్ పీకేయడం కాదు, అప్పుడప్పుడు హైవే మీద ఆగకుండా నడపడం.

కాటన్ ఎయిర్ ఫిల్టర్ గురించి ఒక్క మాట. డీజిల్ ఇంజన్‌లో స్పీడును అదుపు చేసేది పోసే డీజిల్‌తో. గాలి ఎలాగూ అవసరానికి మించే పీల్చుకుంటుంది. కాబట్టి గాలి సులువుగా వచ్చినంత మాత్రాన డీజిల్ మిగలదు. మన దుమ్ముకు ఆ ఫిల్టరు పెడితే లోపలికి పోయేది గాలి ఒక్కటే కాదు. కంపెనీ పేపర్ ఫిల్టరే చెప్పిన కాలానికి ముందే మారుస్తున్నాను. డీజిల్ పైపుకు కట్టే అయస్కాంతాలు, ట్యాంకులో పోసే సీసాలు అయితే నాకు నవ్వొస్తుంది. ఇంజన్‌లో డీజిల్ దాదాపు అంతా కాలిపోతూనే ఉంది. వృథా అవుతున్నది వేడిగా రేడియేటర్‌లో, సైలెన్సర్‌లో పోతోంది. పైపుకు అయస్కాంతం కడితే ఆ వేడి వెనక్కి రాదు. ఎల్‌ఈడీ లైట్ల వల్ల మైలేజీ పోతుందని భయపడేవాళ్లు కూడా ఉన్నారు. వంద వాట్ల లైట్లకు గంటకు లీటరులో పదో వంతు కూడా కాలదు. ఎదుటివాడి కళ్లు పోతాయన్నది వేరే గొడవ.

80 దగ్గర స్పీడ్ లాక్ తీయించమని మా బావమరిది పోరు. తన బండికి తీయించాడు. నాలాంటి బండే, అదే బెంగళూరు రోడ్డు, నాకంటే లీటరుకు ఒకటిన్నర కిలోమీటరు తక్కువ తెచ్చుకుంటున్నాడు. మార్కెట్‌కు నాకంటే పదిహేను నిమిషాలు ముందు చేరుతాడు, ఆ పదిహేను నిమిషాలూ మరూరు టోల్ దగ్గర లైన్‌లోనే పోతాయి. కొడికొండ చెక్‌పోస్టు దాటి కర్ణాటకలోని బాగేపల్లిలో డీజిల్ మనకంటే చౌకగా దొరుకుతుంది కాబట్టి తనకు నొప్పి తెలియడం లేదేమో.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. ముందు బంపర్‌కు కట్టించిన క్రాష్ గార్డు మీద కేంద్రం 2017 డిసెంబర్‌లోనే వద్దని చెప్పింది. దాని బరువు వల్ల మైలేజీలో నాకేమీ తేడా కనిపించలేదు గానీ ఈసారి ఎఫ్‌సీకి (బండి ఫిట్‌నెస్ పరీక్షకు) ముందు దాన్ని విప్పి పాత ఇనుముకు వేసేస్తున్నా. జాలీ బాడీ పైఫ్రేము విషయం ఆర్టీవో ఆఫీసులో అడగాలి. రేడియల్ టైర్లు వెనకవి ఇంకో సీజన్ లాగుతాయి.