మొదటి చిన్న బ్యాచ్ బీరుకు ఏది మేలు: సంచా, కూలరా, ఎక్స్‌ట్రాక్టా?

అమెరికాలో ఇంట్లో బీరు చేసుకుందామని దిగే మనవాళ్లకు మొదటి తకరారు గింజ దగ్గరే వస్తుంది. మాల్ట్ గింజ కొని, మనమే నానబెట్టి అందులోంచి తీపి తీయాలా? ఫ్యాక్టరీలో తీసి చిక్కబెట్టిన ఎక్స్‌ట్రాక్ట్ కొనుక్కుని పని తగ్గించుకోవాలా? గింజే అనుకుంటే గుడ్డ సంచిలో నానబెట్టడమా, అడుగున కుళాయి ఉన్న వాటర్ కూలర్‌లోనా? సలహాలకు కొదవేం లేదు. కాకపోతే వాటిలో ఎక్కువ భాగం 5 గ్యాలన్ల, అంటే 19 లీటర్ల బ్యాచ్‌ను మనసులో పెట్టుకుని చెప్పినవి. అపార్ట్‌మెంట్ వంటింట్లో మొదటిసారి 1 గ్యాలన్, అంటే 3.8 లీటర్లు చేయబోయేవారికి ఆ లెక్కలు సరిపోవు. పరిమాణం తగ్గితే గెలిచే పద్ధతి కూడా మారుతుంది. ఇక్కడ చెప్పేది ఆ చిన్న బ్యాచ్ గురించే.

చట్టం సంగతి ముందే చెప్పేస్తే మంచిది. అమెరికాలో 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇంటి బీరుకు ఫెడరల్ అనుమతి వచ్చింది. ఇంట్లో ఒక పెద్దవారే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు చేసుకోవచ్చు. అమ్మకూడదు. రాష్ట్రాలు ఒక్కొక్కటిగా ఒప్పుకుంటూ వచ్చి, చివరికి 2013లో అలబామా, మిసిసిపీ కూడా సరేనన్నాయి. ఇది చదివి హైదరాబాదులోనో విజయవాడలోనో పొయ్యి వెలిగించకండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 1968 నాటి ఎక్సైజ్ చట్టమే నడుస్తోంది, లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం.

ఇక అసలు విషయం. బార్లీని నానబెట్టి, మొలక రాగానే ఆరబెట్టి వేడి గాలిలో ఎండగడితే మాల్ట్. ఇంట్లో రాగులు మొలకట్టి ఎండబెట్టి రాగి మాల్ట్ చేసే అమ్మమ్మలకు ఈ పని కొత్తేం కాదు. మొలకెత్తేటప్పుడు గింజలో ఎంజైములు పుడతాయి, ఎండగానే ఊరుకుంటాయి. ఆ గింజను పలుకుగా మరపట్టి 65–68 డిగ్రీల (సెల్సియస్) నీళ్లలో గంటసేపు ఉంచితే అవి మళ్లీ పనిలోకి దిగి, పిండిపదార్థాన్ని చక్కెరగా విరగ్గొడతాయి. దీన్నే మ్యాష్ అంటారు. 65 దగ్గర ఉంచితే ఈస్ట్, అంటే చక్కెరను తిని ఆల్కహాల్ చేసే సూక్ష్మజీవి, తినగలిగే చక్కెర ఎక్కువగా వస్తుంది, బీరు పలుచగా, తీపి లేకుండా తేలిగ్గా ఉంటుంది. 68 దగ్గరైతే ఈస్ట్‌కు కొరుకుడుపడని చక్కెరలు కొన్ని మిగిలిపోతాయి, నోటికి కాస్త చిక్కగా తగులుతుంది. 77 దాటిస్తే ఎంజైములు కాసేపటికే పాడైపోతాయి. మూడు పద్ధతులకూ తేడా అంతా ఈ గంటలోనూ, ఆ తర్వాత తీపి నీళ్లను పిప్పి నుంచి వేరుచేయడంలోనూ ఉంది. మిగతా పని మూడింటికీ ఒకటే.

ఎక్స్‌ట్రాక్ట్ అంటే ఈ గంట పని ఇంకొకరు చేసిపెట్టిన సరుకు. 5 శాతం ఆల్కహాల్ వచ్చే 3.8 లీటర్ల బీరుకు పొడి ఎక్స్‌ట్రాక్ట్ 500 గ్రాముల పైచిలుకు చాలు. నీళ్లలో కలిపి మరగబెట్టడమే పని. ఐదారు లీటర్ల గిన్నె సరిపోతుంది, థర్మామీటర్ పెద్దగా అక్కర్లేదు, దాదాపు రెండు గంటలు మిగులుతాయి. దీన్ని చులకనగా చూసేవాళ్లు చాలామంది ఉన్నారు, నేనైతే అలా చూడను. శుభ్రం ఎలా చేయాలి, ఈస్ట్ ఎప్పుడు వేయాలి, సీసా ఎప్పుడు పట్టాలి అన్నవి నేర్చుకోవడానికి ఎక్స్‌ట్రాక్ట్ బాగానే పనికొస్తుంది. లోటల్లా మ్యాష్ వేడి మీద మనకు అదుపు లేకపోవడం. బరువుకు బరువు చూస్తే ధర కూడా మామూలు మాల్ట్ కంటే చాలా ఎక్కువ. ద్రవరూపంలో ఉన్నదైతే నిలవున్నకొద్దీ నల్లబడుతుంది, లేత రంగు బీరు కావాలంటే చిక్కే. గింజ నుంచి తీపి ఎలా దిగుతుందో చూడాలన్న కోరికతో వచ్చినవారికి ఇది తృప్తినివ్వదు.

గింజతో చేసేవారికి పాత, పేరున్న మార్గం కూలర్. గుండ్రటి వాటర్ కూలర్ అడుగున చిల్లుల పళ్లెం గానీ స్టీలు జల్లెడ గానీ పెట్టి, పైన మాల్ట్, వేడినీళ్లు పోసి మూతపెడతారు. గంట తర్వాత కుళాయి తిప్పితే తీపి నీళ్లు దిగుతాయి. మొదట మడ్డిగా వచ్చినదాన్ని మళ్లీ పైన పోస్తారు. గింజల మందమే వడపోతగా పనిచేసి, కాసేపటికి తేటగా దిగడం మొదలవుతుంది. తర్వాత 75–77 డిగ్రీల నీళ్లతో పిప్పిని కడిగి, మిగిలిన తీపిని కూడా రాబడతారు. 19 లీటర్లకు ఇది చక్కటి పద్ధతి. 3.8 లీటర్లకు కావలసిన మాల్ట్ మాత్రం సుమారు 900 గ్రాములే. 19 లీటర్ల కూలర్‌లో ఆ గింజ, దానికి తగ్గ రెండున్నర లీటర్ల నీళ్లు పోస్తే లోతు 5 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అంత పలచని పొర సరిగా వడకట్టదు. పైనున్న ఖాళీ అంతా వేడి లాగేస్తుంది, కాబట్టి కూలర్‌ను ముందే వేడినీళ్లతో కడిగి వెచ్చబెట్టాలి, నీళ్లు 74 డిగ్రీల దగ్గర పోయాలి. కుళాయి కింద, పళ్లెం కింద కొంత తీపి ఇరుక్కుపోతుంది. పెద్ద బ్యాచ్‌లో ఆ నష్టం పట్టించుకోం, ఇంత చిన్నదాంట్లో అది ఒకటి రెండు సీసాల బీరు. పైగా కడిగే నీళ్లకు ఒక గిన్నె, దిగేదాన్ని పట్టడానికి ఇంకో గిన్నె కావాలి.

సంచి పద్ధతి ఇంత గొడవ పెట్టదు. దీన్ని ఆస్ట్రేలియాలో ఇంట్లో బీరు చేసుకునేవాళ్లు 2000ల మధ్యలో ప్రాచుర్యంలోకి తెచ్చారు. పలచటి నైలాన్ లేదా పాలియెస్టర్ సంచిని గిన్నెలో పరిచి, అందులోనే గింజ నానబెట్టి, గంట తర్వాత సంచి పైకెత్తడమే. పెయింట్ వడపోసుకోవడానికి హార్డ్‌వేర్ షాపులో అమ్మే సంచి కూడా పనికొస్తుంది. 10–11 లీటర్ల గిన్నెలో 7 లీటర్ల నీళ్లు పోసి, 69.5 డిగ్రీలకు తెచ్చి, పొయ్యి ఆర్పి, 900 గ్రాముల మరపట్టిన మాల్ట్ వేసి ఉండలు కట్టకుండా కలపండి. చల్లటి గింజ పడగానే వేడి 67కి దిగుతుంది. మూతపెట్టి, మందపాటి దుప్పటి చుట్టి వదిలేయండి. గంటలో రెండు మూడు డిగ్రీలు తగ్గితే కంగారు పడక్కర్లేదు, చక్కెర మార్పు చాలావరకు మొదటి అరగంటలోనే జరిగిపోతుంది. సంచి లోపల ఉండగా కింద మంట పెట్టొద్దు, అడుగున గుడ్డ కాలుతుంది. తర్వాత సంచి ఎత్తి, నీళ్లు కారనిచ్చి, చేతులకు మందపాటి గ్లవుజులు వేసుకుని పిండేయండి. పిండితే ఒగరు దిగుతుందన్న భయం ఒకటి ప్రచారంలో ఉంది గానీ, ఒగరు దిగడానికి అసలు కారణం నీళ్ల క్షారగుణం, మితిమీరిన వేడి. కొళాయి నీళ్లు బాగా కఠినంగా ఉంటే షాపులో అమ్మే తాగునీళ్లు కొనుక్కోవడం తేలిక. కొళాయి నీళ్లలోని క్లోరిన్ వల్ల మందుల వాసన కొట్టే ప్రమాదమూ దాంతో తప్పుతుంది.

ఇక సంచి మీద అందరూ చెప్పే ఫిర్యాదు, గింజలోని తీపి మొత్తం రాదని. నిజమే. కడిగే నీళ్లు వాడే కూలర్ పద్ధతితో పోలిస్తే ఐదు నుంచి పది శాతం తక్కువ రావచ్చు. 900 గ్రాముల బ్యాచ్‌లో అది పూడ్చడానికి గుప్పెడు గింజ ఎక్కువ వేస్తే సరి. 100 గ్రాముల మాల్ట్ కోసం కూలర్, కుళాయి, చిల్లుల పళ్లెం కొనడం నాకు లెక్కకు రాదు. ఆ డబ్బు పెట్టి నమ్మకమైన డిజిటల్ థర్మామీటర్, గ్రాము తేడా చూపే చిన్న కాటా కొనండి. మాల్ట్ కొన్న షాపులోనే మర పట్టించుకోండి. సంచి వాడుతున్నామని చెప్పి కాస్త సన్నగా పట్టమంటే తీపి కూడా మెరుగ్గా వస్తుంది. కూలర్‌లో అంత సన్నగా పడితే పిప్పి బిగుసుకుపోయి నీళ్లు దిగవు, సంచిలో ఆ బెంగ లేదు. పంపుతో, కంట్రోలర్‌తో పనిచేసే ఎలక్ట్రిక్ యంత్రాలూ ఉన్నాయి గానీ, చాలావరకు వాటి కనీస పరిమాణమే మన బ్యాచ్‌ను మించిపోతుంది.

ఆపైన అంతా ఉమ్మడి దారి. మరుగు మొదలయ్యేటప్పుడు పొంగుతుంది, దగ్గరే నిలబడండి. మొత్తం గంట మరగాలి. మొదట్లోనే సుమారు 7 గ్రాముల కాస్కేడ్ రకం హాప్స్ (బీరుకు చేదునిచ్చే ఎండు పూలు) వేస్తే చక్కటి చేదు వస్తుంది. చిన్న బ్యాచ్ గొప్పదనం చల్లార్చేటప్పుడు తెలుస్తుంది. సింకులో ఐసు నీళ్లు పోసి గిన్నె దించితే అరగంటలో చల్లబడుతుంది, చల్లార్చడానికి వాడే రాగి గొట్టపు చుట్ట కొననక్కర్లేదు. ఇక్కణ్ణించి తగిలే ప్రతి వస్తువూ బీరు సామాను శుద్ధిచేసే సానిటైజర్‌లో ముంచినదే కావాలి. 11 గ్రాముల పొడి ఈస్ట్ ప్యాకెట్‌లో సగం వేస్తే చాలు. 18–20 డిగ్రీల చోట రెండు వారాలు పులియనివ్వాలి. హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రతను బట్టి మిగిలిన చక్కెరను అంచనా వేసే పరికరం) రీడింగు రెండు మూడు రోజుల పాటు మారకుండా ఉంటేనే సీసాల్లో పోయండి. 3.8 లీటర్లకు గ్యాసు పట్టడానికి మామూలు పంచదార 22 గ్రాములు చాలు. పులియడం పూర్తికాక, మాల్ట్ చక్కెర ఇంకా మిగిలి ఉండగానే మూత బిగిస్తే సీసా పగిలే ప్రమాదం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 355 మిల్లీలీటర్ల సీసాలు తొమ్మిదో పదో వస్తాయి.

నచ్చి 19 లీటర్లకు పెంచుదామనుకుంటే మాత్రం తూకం తిరగబడుతుంది. అప్పుడు మాల్ట్ 4.5 కిలోలు, తడిసిన సంచి 9–10 కిలోలు. చేయి కాలేంత వేడిలో ఉన్న ఆ బరువును పొయ్యి మీదినుంచి చేత్తో ఎత్తాలంటే నడుముకూ చేతులకూ పరీక్షే. పైన కప్పుకు కొక్కెం, కప్పీ తగిలించుకోగలిగితే సంచితోనే కొనసాగవచ్చు. అద్దె ఇంట్లో అది కుదరనివారు కూలర్ కొనుక్కోవాల్సింది అప్పుడే.