జాగ్రత్త: ‘30 రోజుల్లో బిజినెస్ నెగోషియేషన్ ఇంగ్లీష్’ ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఇది చదవండి

శ్రీకాకుళం, పలాస, రాజాం, విజయనగరం వైపు వ్యాపారులకీ, ఎగుమతి ఆఫీసుల్లో మెయిళ్లు రాసే కుర్రాళ్లకీ వాట్సాప్‌లో ఒక ప్యాకేజీ అంటగడుతున్నారు. రోజుకో గంట చొప్పున 30 రోజులు, వెయ్యి ఇడియమ్స్ పీడీఎఫ్, చివర్లో ‘కేంబ్రిడ్జ్ లెవెల్’ సర్టిఫికెట్. ఫీజు రూ.8,500, దానిమీద 18 శాతం జీఎస్టీ పేరుతో రూ.1,530, వెరసి రూ.10,030. కట్టాక చేతికొచ్చేది ఎప్పుడో రికార్డు చేసిన వీడియోలు, ఆ పీడీఎఫ్, జీఎస్టీ నంబరే లేని రసీదు. పేరు ఇక్కడ రాయడం లేదు. ఇవన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, ఆనవాళ్లు తెలిస్తే చాలు.

డబ్బు పోవడం ఒక ఎత్తు, ఆ పీడీఎఫ్ నమ్ముకుని బేరంలో నోరు తెరవడం మరో ఎత్తు.

అందులో ‘ఫర్మ్ ఆఫర్’కి ఎదురుగా ‘కంపెనీ ఇచ్చే ఆఫర్’ అని రాసుంది. మెషీన్ అనువాదం, ఎవరూ తిరిగి చూడలేదు. నిజానికి ఫర్మ్ ఆఫర్ అంటే వెనక్కి తీసుకోనని మాటిచ్చిన రేటు. గడువు లోపల అవతలివాడు ఒప్పుకుంటే ఆ రేటుకే సరుకు పంపాలి. మార్కెట్ ఎలా ఉందో ఊరికే చెప్పడానికైతే ‘ఇండికేటివ్ ప్రైస్’ అనాలి, కింద ‘సబ్జెక్ట్ టు అవర్ ఫైనల్ కన్ఫర్మేషన్’ (మేం చివరగా ఖాయం చేస్తేనే) అన్న ముక్క తగిలించాలి.

‘స్ప్లిట్ ద డిఫరెన్స్’కి ‘వ్యత్యాసమును విభజించుట’ అని ఇచ్చారు. ఇది చదివినవాడికి ఏమర్థమవుతుంది? చెరిసగం చేసుకుందాం అని దాని అర్థం. జీడిపప్పు లెక్కలోనే చూడండి. డబ్ల్యూ320 గ్రేడుకి మీరు పౌనుకి 3.40 డాలర్లు చెప్పారు, కొనేవాడు 3.20 అన్నాడు. తొందరపడి మీరే ఈ మాట అంటే 3.30కి దిగిపోయానని ఒప్పేసుకున్నట్టే. అవతలివాడు గడుసువాడైతే ఇక బేరం 3.30కీ 3.20కీ మధ్యే నడుపుతాడు. 20 అడుగుల కంటైనర్‌లో 50 పౌన్ల డబ్బాలు 700, అంటే 35,000 పౌన్లు. పౌనుకి పది సెంట్లు తగ్గితే ఒక్క కంటైనర్ మీద 3,500 డాలర్లు. ఈ మాట అవతలివాడి నోట రానివ్వాలి. మీరు తగ్గాల్సి వస్తే షరతు ముందు, రేటు తర్వాత: ‘ఇఫ్ యు టేక్ టూ కంటైనర్స్, వుయ్ కుడ్ లుక్ ఎట్ త్రీ థర్టీ’ (రెండు కంటైనర్లు తీసుకుంటే 3.30 సంగతి ఆలోచించొచ్చు). ఇందులో ‘కుడ్’ తీసి ‘విల్’ పెడితే మాట ఇచ్చేసినట్టు. ఈ రెండు మాటల తేడా వెయ్యి ఇడియమ్స్ కంటే విలువైనది, ఆ పీడీఎఫ్‌లో మాత్రం ఎక్కడా లేదు.

‘టేబుల్’ అనే క్రియ సంగతీ అంతే. బ్రిటన్‌వాళ్లకి అది విషయాన్ని చర్చకు పెట్టడం, అమెరికావాళ్లకి పక్కన పెట్టేయడం. ఎవరికి ఏ అర్థమో చెప్పకుండా నేర్పితే నేర్పనట్టే. ‘టేకిట్ ఆర్ లీవిట్’ని కూడా ‘మీట్ మీ హాఫ్‌వే’ పక్కనే మర్యాద మాటలా పెట్టారు. రెండోది చెరో మెట్టు దిగుదామనడం. మొదటిది ఇష్టమైతే తీసుకో లేకపోతే పో అనడం, పాత బేరగాడు కూడా ముఖం తిప్పుకుంటాడు.

మన దగ్గర అలవాటైన ఇంగ్లీష్‌ని దిద్దే పని కూడా చేయలేదు. ‘రివర్ట్’ అంటే జవాబివ్వడమని మనకి, పాత స్థితికి వెళ్లడమని బయటివాళ్లకి. లక్ష, కోటి వాళ్లకి తెలియవు. 1,00,000 అని కామా పెడితే తప్పు పడిందేమో అనుకుంటారు. 03/04 అని తేదీ వేస్తే అమెరికావాడికి మార్చి 4, మనకి ఏప్రిల్ 3. నెల పేరు అక్షరాల్లో రాయడమే మందు.

ఇక ఆ సర్టిఫికెట్. కేంబ్రిడ్జ్ బిజినెస్ సర్టిఫికెట్ పరీక్షలు మూడు: బీ1 ప్రిలిమినరీ, బీ2 వాంటేజ్, సీ1 హయ్యర్ (బీ1, సీ1 లాంటివి భాష ఎంత వచ్చో చెప్పే మెట్లు, ఏ1 అన్నిటికంటే కింద, సీ2 అన్నిటికంటే పైన). పరీక్ష రాస్తే వాళ్లే ఇస్తారు, వీధి చివర ఇన్‌స్టిట్యూట్ అచ్చువేసుకునేది కాదు. కేంబ్రిడ్జ్ అంచనా ప్రకారం ఏ2 చేరడానికి సుమారు 200 గంటల పాఠం కావాలి, బీ2కి 500 నుంచి 600. ఏ2 నుంచి బీ2కి 30 గంటల్లో చేరుస్తామంటే లెక్కే కుదరదు.

కట్టేముందు పీడీఎఫ్‌లో ఏదో ఒక పేజీ అడగండి. మాట పక్కన ఉదాహరణ వాక్యం, అది మాటల్లో వాడేదా మెయిల్లో వాడేదా, బ్రిటిషా అమెరికనా అన్న గుర్తు లేకపోతే వదిలేయండి. కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీలు ఇవన్నీ ఉచ్చారణతో సహా ఉచితంగానే చూపిస్తాయి. లైవ్ క్లాసు ఒకటి చూసి బ్యాచ్‌లో ఎంతమందో లెక్కపెట్టండి. 40 మంది ఉంటే గంటలో ఒక్కొక్కరికి నోరు విప్పేందుకు నిమిషంన్నర, అదీ మాస్టారు అసలు మాట్లాడకపోతే. బేరం ఇంగ్లీష్ ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు కొనేవాడిగా, ఒకరు అమ్మేవాడిగా సాధన చేస్తేనే వస్తుంది.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ప్రకటన స్క్రీన్‌షాట్, రసీదు, చాట్ చెరపకండి. ముందు డబ్బు వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే చెప్పొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. రూ.5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, గడువు రెండేళ్లు. రసీదు మీద ‘ఫీజు తిరిగి ఇవ్వబడదు’ అని ఉందని జంకి ఊరుకోకండి. జీఎస్టీ అని వసూలు చేసి నంబరు వేయకపోవడం ఫిర్యాదులో వేరే పేరాగా రాయండి.