ఆల్టర్నేటర్ గుట్టు విప్పే మల్టీమీటరు: కొన్నేళ్ల వాడకం తర్వాత

తిరుపతిలో టాక్సీ తిప్పేవారి డిక్కీలో స్టెప్నీ, జాకీతో పాటు వోల్టులు, కరెంటు కొలిచే డిజిటల్ మల్టీమీటరు కూడా ఉండి తీరాలంటాను. బండి మొరాయించినప్పుడు తప్పు బ్యాటరీదా, దాన్ని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌దా అన్నది కొత్త బ్యాటరీకి డబ్బు పోయకముందే తేలిపోతుంది.

మొదటి పరీక్షకు ఏ మీటరైనా చాలు. రాత్రంతా ఆగిన బండి బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగానికి దిగినట్టు. ఇంజన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య నిలవాలి. 12.4 దగ్గరే కదలకుండా ఉంటే ఛార్జింగ్ లేదు. 15 దాటితే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ మీద అనుమానం. కొత్త కార్లలో కంప్యూటరే వోల్టేజీని పెంచి తగ్గిస్తుంటుంది కాబట్టి ఈ లెక్కలు పాత బండ్లకే సరిగ్గా నప్పుతాయి.

నా మీటరు విలువ తెలిసింది ఆల్టర్నేటర్‌లో పుట్టే ఏసీ కరెంటును బ్యాటరీకి ఒకే దిశలో పంపే డయోడ్ దగ్గర. పొద్దున్నే సెల్ఫ్ తిరగడం లేదని ఒక దుకాణానికి వెళితే, చేత్తో తాకి కూడా చూడకుండా బ్యాటరీ మార్చమన్నారు. ఇంజన్ వేసి చూస్తే 13.9 ఉంది, అంటే ఛార్జింగ్ బాగున్నట్టే. మీటను ఏసీ వోల్టుల వైపు తిప్పి అవే టెర్మినళ్లకు ఆనిస్తే 0.7 వచ్చింది. ఇది 0.1 లోపు ఉండాలి. అర వోల్టు దాటిందంటే డయోడ్ దెబ్బతిని ఉండవచ్చు. అలాంటి డయోడ్ గుండా రాత్రంతా కరెంటు వెనక్కి కారిపోతుంది. డయోడ్ ప్లేటు మార్పించాక పాత బ్యాటరీయే పనిచేసింది.

మరీ చవక మీటర్లు ఇక్కడే మోసం చేస్తాయి. కొనేటప్పుడు దుకాణంలోనే ఏసీలో పెట్టి, ఊరికే ఉన్న బ్యాటరీకి ఆనించండి, వైర్లు తిప్పి కూడా చూడండి. రెండుసార్లూ సున్నా రావాలి. కొన్ని పాతిక వోల్టుల దాకా చూపిస్తాయి! అవి ఈ పనికి దండగ.

కొండ బండ్లవారికి ఇంకో మాట. పాత డీజిల్ బండ్లు చాలావాటిలో బ్రేకులకు బలమిచ్చే వ్యాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టు తెగితే ఛార్జింగుతో పాటు ఆ సాయమూ పోయి పెడల్ రాయిలా బిగుస్తుంది. పాత ఘాట్‌లో మలుపుల మధ్య దిగుతూ అది తెలుసుకోవలసిన విషయం కాదు. పంపు సీలు కారితే నూనె ఆల్టర్నేటర్ లోపలికి చేరి, అందులోని కార్బన్ బ్రష్‌లను పాడుచేస్తుంది. దీన్ని మీటరు చెప్పదు. ఆల్టర్నేటర్ వెనక తడిని టార్చి వేసి చూసుకోవాలి.

నడుస్తున్న ఇంజన్‌కు బ్యాటరీ టెర్మినల్ పీకి పరీక్షించే పెద్ద మేస్త్రీలు ఇంకా ఉన్నారు. దండం పెట్టి వద్దనండి. ఆ క్షణంలో ఎగిసే వోల్టేజీకి ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ (ఈసీయూ) కాలిపోవచ్చు.

మీటరుతో వచ్చిన వైర్లు మాత్రం నాసిరకం. బానెట్ కింద వేడికి పైతొడుగు బిరుసెక్కి, మొదట్లోనే తెగాయి. మొసలి క్లిప్పులున్న సిలికాన్ వైర్లు విడిగా కొన్నాను. కరెంటు కొలవడానికి 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టిన ఎర్ర వైరును పని కాగానే వోల్టుల రంధ్రానికి మార్చండి. మరిచిపోయి బ్యాటరీకి ఆనిస్తే నేరుగా షార్టే. అన్ని మీటర్లలో ఆ రంధ్రానికి ఫ్యూజు ఉండదు.